సొంతగడ్డ టెస్టు జట్టు: గొడవంతా ఏడో నంబర్ దగ్గరే

2024 అక్టోబర్ నుంచి 2025 నవంబర్ దాకా భారత్ సొంతగడ్డ మీద ఏడు టెస్టులు ఆడి ఐదు ఓడింది. గెలిచిన రెండూ వెస్టిండీస్ మీదే. అంతకుముందు 2013 నుంచి ఇక్కడ వరసగా 18 సిరీస్‌లు గెలిచిన జట్టు ఇది. న్యూజిలాండ్ 3-0తో, దక్షిణాఫ్రికా 2-0తో ఊడ్చేసి పోయాక, ఇక్కడ ఆడే టెస్టులకు జట్టును ఎలా ఎంచాలి అన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. 2027 జనవరి, ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ఐదు టెస్టులకు రావాల్సి ఉంది కాబట్టి ఈ వాదన ఇప్పట్లో ఆగేది కాదు.

తిరుపతిలో ఈ వాదనకు ఇంకో రంగు ఉంది. ఎస్వీయూ గ్రౌండ్ దగ్గరైనా, చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లోనైనా మాట మొదలయ్యేది, పేస్ బౌలింగ్ వేస్తూ ఏడో నంబర్‌లో బ్యాటింగ్‌కు దిగే మన ఆంధ్ర కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డితోనే. "మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టినోణ్ని ఈడ కూర్చోబెడతారా సామీ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే దాని జవాబు నితీశ్ ఆటలో కన్నా, ఆడబోయే పిచ్‌లో ఎక్కువ దొరుకుతుంది.

పదిహేను మందిని ఎంచేది ఒకరు, పదకొండు మందిని ఎంచేది ఇంకొకరు

జట్టు ప్రకటన రాగానే జరిగే తిట్ల పురాణంలో సగం ఈ తేడా మరిచిపోవడం వల్ల వచ్చేదే. స్క్వాడ్ అంటే సిరీస్‌కో, కొన్ని టెస్టులకో పిలిచే పదిహేను, పదహారు మంది. దాన్ని ఎంచేది బీసీసీఐ సీనియర్ సెలెక్షన్ కమిటీ. ఇందులో ఐదుగురు ఉంటారు. కెప్టెన్, కోచ్ తమ మాట చెప్తారు, ఓటు మాత్రం సెలెక్టర్లది. మ్యాచ్ రోజు బరిలోకి దిగే పదకొండు మందిని తేల్చేది ప్రధానంగా కెప్టెన్, కోచ్. అందుకని "సెలెక్టర్లు కుల్‌దీప్‌ను ఆడించలేదు" అంటే తప్పు మనిషిని తిట్టినట్టే. స్క్వాడ్‌లో పేరుంటే అక్కడికి సెలెక్టర్ల పని అయిపోయినట్టు.

సెలెక్టర్ కావాలంటే ఏడు టెస్టులో, 30 ఫస్ట్‌క్లాస్ (రంజీ లాంటి రోజుల తరబడి సాగే) మ్యాచ్‌లో, లేదంటే 10 వన్డేలూ 20 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లూ కలిపో ఆడి ఉండాలి. రిటైరై ఐదేళ్లు దాటి ఉండాలి. ఐదు జోన్ల నుంచి ఒక్కొక్కరు అనేది పాత ఆనవాయితీ. సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ సంస్కరణలు దాన్ని పక్కన పెట్టమన్నా, ఆచరణలో చాలావరకు అదే నడుస్తోంది. మన గుంటూరు మనిషి ఎమ్మెస్కే ప్రసాద్ 2016 నుంచి 2020 దాకా ఈ కమిటీకి ఛైర్మన్. ఆరు టెస్టులే ఆడినాయన కోహ్లీకేం చెప్తాడు అని అప్పట్లో చాలామంది వెక్కిరించారు. ఎక్కువ ఆడినవాళ్లే బాగా ఎంచుతారన్న రుజువు అయితే ఇప్పటిదాకా ఎక్కడా కనపడలేదు.

2025 సెప్టెంబర్‌లో కమిటీలోకి వచ్చిన ప్రజ్ఞాన్ ఓజా కథ ఇక్కడ చెప్పుకోవాలి. హైదరాబాద్‌కు ఆడిన ఎడమచేతి స్పిన్నర్. 2013 నవంబర్‌లో వాంఖడేలో, సచిన్ ఆఖరి టెస్టులో పది వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఆ తర్వాత ఒక్క టెస్టు కూడా ఆడలేదు. బౌలింగ్ యాక్షన్ మీద వచ్చిన అభ్యంతరం ఒక కారణం. రవీంద్ర జడేజా అప్పటికే అదే చోట పాతుకుపోవడం ఇంకో కారణం. జడేజా బ్యాటింగ్ కూడా చేస్తాడు. ఎడమచేతి స్పిన్నర్‌గా పది వికెట్లు తీసినా, ఎనిమిదో నంబర్‌లో పరుగులు చేయలేకపోతే చోటు పోయే రోజులు అప్పుడే మొదలయ్యాయి.

సొంతగడ్డ మీద ఏమేం మారుతుంది

మొదటిది స్క్వాడ్ సైజు. విదేశాలకు పోతే ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంకొకర్ని పిలిపించడానికి రోజులు పడుతుంది కాబట్టి 17, 18 మందిని తీసుకుపోతారు. ఇక్కడైతే సాయంత్రం ఫోన్ చేస్తే పొద్దున్నకల్లా మనిషి దిగుతాడు. అందుకని మూడో ఓపెనర్ లాంటివాళ్లను ముందే కూర్చోబెట్టుకోవాల్సిన పని లేదు. ఇంగ్లండ్ పర్యటన స్క్వాడ్‌లో ఉన్న అభిమన్యు ఈశ్వరన్ పేరు 2025లో వెస్టిండీస్ సిరీస్ జాబితాలో లేకపోవడం ఈ లెక్కలోనే అర్థమవుతుంది. ఏళ్ల తరబడి స్క్వాడ్‌లతో తిరిగి ఒక్క టెస్టూ ఆడని ఆయన పక్కనుంచి చూస్తే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, అది వేరే మాట.

రెండోది బంతి. ఇక్కడ ఆడేది మీరట్‌లో తయారయ్యే ఎస్జీ బంతి. కుట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, స్పిన్నర్ వేలికి బాగా పడుతుంది. అసలు కథంతా మూడోదాంట్లో, అంటే మట్టిలో ఉంది.

ఎర్రమట్టి పిచ్ మీద బంతి బాగా లేస్తుంది. ఎండకు త్వరగా ఆరి, పగుళ్లిచ్చి, పైపొర రేగాక బంతి వేగంగా తిరుగుతుంది. నల్లమట్టిలో బంకమన్ను పాలు ఎక్కువ, తేమ పట్టి ఉంచుతుంది. బంతి నెమ్మదిగా, కిందగా వస్తుంది. మనకు అన్నిటికన్నా దగ్గరి టెస్టు మైదానం చెపాక్‌లో రెండు రకాలూ ఉన్నాయి. (సొంత రాష్ట్రం టెస్టు చూడాలంటే తిరుపతివాళ్లు రాత్రంతా రైల్లో కూర్చుని విశాఖ పోవాలి. చెన్నై అయితే మూడు నాలుగు గంటల దారి.)

చెపాక్‌లోనే 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో వరసగా రెండు టెస్టులు జరిగాయి. మొదటిదాంట్లో పిచ్ బ్యాటింగ్‌కు బాగుంది. జో రూట్ 218 కొట్టాడు, భారత్ 227 పరుగులతో ఓడింది. కొద్ది రోజులకే రెండోది. ఈసారి మొదటి రోజు నుంచే బంతి తిరిగింది. షాబాజ్ నదీమ్, వాషింగ్టన్ సుందర్ స్థానాల్లో అక్షర్ పటేల్, కుల్‌దీప్ వచ్చారు. భారత్ 317 పరుగులతో గెలిచింది. అక్షర్‌కు అదే తొలి టెస్టు, ఆ సిరీస్‌లో మూడు టెస్టుల్లోనే 27 వికెట్లు తీశాడు. సెలెక్టర్లు అదే, కెప్టెన్ అదే, మైదానం కూడా అదే. పిచ్ ఒక్కటి మారేసరికి ఎవరు పనికొస్తారన్నదీ మారిపోయింది.

ఓవర్ల లెక్క వేసి చూస్తే

నితీశ్ ప్రశ్నకు దగ్గరి దారి ఓవర్ల లెక్క. ఎదుటి జట్టు ఒక ఇన్నింగ్స్‌లో 100 ఓవర్లు ఆడింది అనుకుందాం. బుమ్రా, సిరాజ్ ఇద్దరూ కలిసి 38 వేస్తారు. ముగ్గురు స్పిన్నర్లు తలా పద్దెనిమిది చొప్పున 54. మిగిలింది ఎనిమిది. ఆరో బౌలర్‌కు, అంటే పేస్ ఆల్‌రౌండర్‌కు, దక్కేది అంతే. ఇక పిచ్ బాగా తిరిగి ఇన్నింగ్స్ 55 ఓవర్లలోనే ముగిస్తే ఆ ఎనిమిది కూడా ఉండవు.

ఇది ఊహ అనుకోవద్దు. 2025 నవంబర్‌లో కోల్‌కతాలో దక్షిణాఫ్రికా తొలి ఇన్నింగ్స్ సరిగ్గా 55 ఓవర్లు నడిచింది. భారత్ ఇద్దరు పేసర్లు, నలుగురు స్పిన్నర్లతో దిగింది. బుమ్రా 14, కుల్‌దీప్ 14, సిరాజ్ 12, జడేజా 8, అక్షర్ 6, వాషింగ్టన్ 1. నాలుగో స్పిన్నర్‌కు వచ్చింది ఒకే ఒక్క ఓవర్. ఐదు వికెట్లు తీసింది మళ్లీ పేసరే, బుమ్రా.

వాషింగ్టన్‌ను నిజానికి బ్యాటర్‌గా వాడుకున్నారు. మూడో నంబర్‌లో వచ్చి 29, 31 చేశాడు. 124 లక్ష్యంతో 93కే కుప్పకూలిన జట్టులో అవి తీసిపారేసే పరుగులేం కావు. అయినా అసలైన మూడో నంబర్ బ్యాటర్ ఉండి ఉంటే అన్న ప్రశ్న మిగిలే ఉంది, దానికి స్కోరుకార్డు జవాబు చెప్పదు.

ఏడో నంబర్ చుట్టూ ముగ్గురు ఆంధ్రవాళ్లు

ఈ లెక్కతో చూస్తే నితీశ్ 2025 సీజన్ కొంత అర్థమవుతుంది. వెస్టిండీస్ మీద రెండు టెస్టులూ ఆడాడు, బంతి చేతికి వచ్చింది మాత్రం చాలా అరుదు. బ్యాటింగ్ అయినా దొరకాలని ఢిల్లీలో ఐదో నంబర్‌లో పంపితే 43 చేశాడు. కోల్‌కతాకు ముందు స్క్వాడ్ నుంచి వదిలేసి ఇండియా-ఏ మ్యాచ్‌కు పంపారు. కోల్‌కతా టెస్టులో కెప్టెన్ గిల్‌కు మెడ పట్టేయడంతో గువాహటిలో మళ్లీ జట్టులోకి వచ్చాడు. ఆ టెస్టులో పరుగులూ రాలేదు, వేసినవీ కొద్ది ఓవర్లే. భారత్ 408 పరుగులతో ఓడింది. పరుగుల లెక్కన మన టెస్టు చరిత్రలోనే అది అతిపెద్ద ఓటమి.

ఆడించేవాళ్ల వాదన ఒకటుంది. విదేశాల్లో పేస్ ఆల్‌రౌండర్ కావాలంటే ఇంట్లో టెస్టు అనుభవం ఇచ్చి పెంచుకోవాలి, హార్దిక్ పాండ్యా టెస్టులకు దూరమయ్యాక ఆ చోటికి దేశంలో పోటీయే లేదు అంటారు. వద్దనేవాళ్ల మాట: ఓవర్ల పని లేని బౌలర్‌నీ, ఏడో నంబర్‌లో వచ్చే బ్యాటర్‌నీ ఒకే చోట ఇరికిస్తే రెండు పనులూ సగం సగమే అవుతాయి, అతను పెరగడం అటుంచి అయోమయంలో పడతాడు. నాకు రెండో వాదనే బరువుగా తోస్తోంది. టెస్టులో మ్యాచ్‌కు నాలుగైదు ఓవర్లు వేసేకన్నా ఆంధ్ర తరఫున రంజీలో రోజుకు పదిహేను ఓవర్లు వేస్తే బౌలర్ ఎక్కువ నేర్చుకుంటాడు.

ఇలా ఇరుక్కున్న మొదటి ఆంధ్ర ఆటగాడు నితీశ్ కాదు. హనుమ విహారి ఆడిన 16 టెస్టుల్లో స్వదేశంలో ఆడింది మూడే. 2019లో విశాఖలో దక్షిణాఫ్రికా మీద ఆడాడు. తర్వాతి టెస్టు పుణెలో పిచ్ చూసి ఆరో బ్యాటర్ అక్కర్లేదన్నారు, ఆయన్ను తీసి ఉమేశ్ యాదవ్‌ను తెచ్చారు. భారత్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ఇక్కడ జడేజా, అశ్విన్ లాంటి బౌలర్లే బ్యాటింగ్ చేస్తారు కాబట్టి ఆరో బ్యాటర్ విలువ తగ్గుతుంది. విదేశీ పిచ్‌ల మీద బ్యాటింగ్‌కు ఒక మనిషి ఎక్కువ కావాలి కాబట్టి పెరుగుతుంది. విహారికి కష్టమైన చోట్లే పిలుపొచ్చింది, పరుగులు సులువుగా వచ్చే చోట రాలేదు. దాన్ని ఎవరి కుట్రగానూ చూడక్కర్లేదు, అయినా బాధగానే ఉంటుంది.

వికెట్‌కీపర్ విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. బంతి తిరిగి, కిందగా వచ్చే పిచ్ మీద వికెట్లకు ఆనుకుని నిలబడే కీపర్ చేతులు ముఖ్యం. 2023లో రిషభ్ పంత్ కారు ప్రమాదంతో దూరమైనప్పుడు విశాఖ కుర్రాడు కేఎస్ భరత్‌కు ఆస్ట్రేలియా సిరీస్‌లో చోటిచ్చింది ఈ కారణంతోనే. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్‌కీపర్ అతను. టెస్టుల్లో మాత్రం బ్యాట్ పలకలేదు. 2024లో ఇంగ్లండ్ మీద హైదరాబాద్, విశాఖ టెస్టుల తర్వాత రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చాడు, రాంచీలో 90, నాటౌట్‌గా 39 చేశాడు, అంతే. చేతులు చూసి ఎంచి, పరుగులు చూసి తీసేశారు.

ఫామ్‌లో ఉన్నవాడా, చోటు ఉన్నవాడా

2016 డిసెంబర్‌లో చెన్నైలో కరుణ్ నాయర్ నాటౌట్‌గా 303 కొట్టాడు. తర్వాతి టెస్టు 2017 ఫిబ్రవరిలో మన ఉప్పల్‌లో, బంగ్లాదేశ్‌తో. కరుణ్‌ను పక్కన కూర్చోబెట్టారు. గాయం తగ్గి అజింక్య రహానే తిరిగొచ్చాడు. రహానే ఏళ్ల కష్టాన్ని ఒక్క మ్యాచ్ తుడిచేయకూడదు అన్నది కెప్టెన్ కోహ్లీ వాదన. గాయంతో చోటు వదిలినవాడికి ఆ చోటు తిరిగివ్వాలన్న ఈ సూత్రం లేకపోతే ఆటగాళ్లు గాయాలు దాచుకుని ఆడతారు. అందుకే దాన్ని కొట్టిపారేయలేం. మరి ట్రిపుల్ సెంచరీ కొట్టినవాడికి తర్వాతి టెస్టు కూడా గ్యారంటీ లేకపోతే రంజీ ఆడే కుర్రాళ్లకు ఏం చెప్తాం అంటే, అదీ నిజమే. కరుణ్ 2024-25 రంజీ సీజన్‌లో విదర్భకు 863 పరుగులు చేసి మళ్లీ జట్టులోకి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఇంగ్లండ్ టూర్ అయిపోగానే స్వదేశీ సిరీస్‌కు మళ్లీ పేరు లేదు.

సర్ఫరాజ్ ఖాన్‌ది ఇంకో రకం. రంజీలో కుప్పలుగా పరుగులు, 2024లో బెంగళూరులో న్యూజిలాండ్ మీద 150. ఆ సిరీస్‌లో తర్వాతి నాలుగు ఇన్నింగ్స్‌లలో విఫలమయ్యాక దారి మూసుకుపోయింది. దేశవాళీ పరుగులకు ఎంత విలువ ఇవ్వాలి అన్నదానికి రాసిపెట్టిన కొలత ఎక్కడా లేదు. పరుగులు, ఫిట్‌నెస్, ఎదుటి బౌలర్లు, కెప్టెన్ నమ్మకం, వీటిలో ఏది ఎక్కువ తూగుతుందో సిరీస్‌కొక రకంగా ఉంటుంది.

ఎంపిక సరిగ్గా ఉన్నా ఓడిపోవచ్చు

2024లో బెంగళూరులో 46కే ఆలౌటై ఓడాక, పుణె టెస్టుకు వాషింగ్టన్ సుందర్‌ను స్క్వాడ్‌లోకి పిలిచారు. న్యూజిలాండ్‌లో ఎడమచేతి బ్యాటర్లు చాలామంది, వాళ్లకు బంతి బయటికి తిప్పే ఆఫ్ స్పిన్నర్ ఇంకొకడు కావాలి అన్నది లెక్క. పైగా అతను తమిళనాడుకు రంజీలో అప్పుడే 152 కొట్టి ఉన్నాడు. కుల్‌దీప్‌ను తప్పించి ఆడిస్తే తొలి ఇన్నింగ్స్‌లో 59 పరుగులకు ఏడు వికెట్లు తీశాడు, మ్యాచ్‌లో పదకొండు. ఒక ఎంపిక ఇంతకన్నా బాగా ఫలించదు. అయినా భారత్ 113 పరుగులతో ఓడింది. ఎందుకంటే అదే పిచ్ మీద మిచెల్ శాంట్నర్ 13 వికెట్లు తీశాడు.

శాంట్నర్ మంచి బౌలరే, అయితే అంతకుముందు టెస్టుల్లో ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసిన రోజు ఒక్కటీ లేదు. తిరిగే పిచ్ చేసే పని అది. స్టీవ్ ఓకీఫ్ 2017లో పుణెలో పన్నెండు, మాథ్యూ కూనెమన్ 2023లో ఇండోర్‌లో తొలి ఇన్నింగ్స్‌లోనే 16 పరుగులకు ఐదు, సైమన్ హార్మర్ 2025లో కోల్‌కతాలో ఎనిమిది. బంతి తనంతట తానే తిరిగితే గొప్ప స్పిన్నర్‌కూ మామూలు స్పిన్నర్‌కూ మధ్య తేడా కుంచించుకుపోతుంది. 400 పరుగులు వచ్చే పిచ్ మీద అశ్విన్ నైపుణ్యం రోజంతా పనిచేసి ఎదుటివాడిని అరగదీసేది. 150 దాటని పిచ్ మీద ఎవడు వేసినా వికెట్ పడుతుంది.

పిచ్ ఎవరు అడిగారు?

2025 అక్టోబర్‌లో, వెస్టిండీస్ సిరీస్‌కు ముందు అహ్మదాబాద్‌లో గిల్ బ్యాటర్లకూ బౌలర్లకూ రెండు పక్కలా సాయపడే పిచ్‌లు కావాలన్నాడు. ఆరు వారాల్లో కోల్‌కతాలో మూడో రోజుకే మ్యాచ్ అయిపోయింది. మేం అడిగిన పిచ్ ఇదే అని కోచ్ గంభీర్ స్వయంగా చెప్పాడు. తప్పు పిచ్‌ది కాదు, మన బ్యాటింగ్‌ది అన్నాడు. స్క్వాడ్‌ను కొన్ని వారాల ముందు ఒక కమిటీ ఎంచుతుంది. మైదానాలను అంతకు ఎన్నో నెలల ముందే బోర్డు కేటాయిస్తుంది. పిచ్ మీద నీళ్లు ఎన్ని రోజుల ముందు ఆపాలన్న మాట మ్యాచ్ వారంలో నడుస్తుంది. పెళ్లికి వంటమేస్త్రీని మాట్లాడేశాక మెనూ మార్చినట్టు, బ్యాటర్లను ఒక రకం పిచ్‌కు ఎంచి ఇంకో రకం మీద ఆడించడం ఇలాగే జరుగుతోంది.

టర్నర్, అంటే బంతి బాగా తిరిగే పిచ్, కావాలనేవాళ్ల వాదన తేలికైనదేం కాదు. ఇంగ్లండ్ పచ్చిక పెంచుకుంటుంది, ఆస్ట్రేలియా బౌన్స్ వేసుకుంటుంది, మనం మన బలాన్ని ఎందుకు వదులుకోవాలి అంటారు. 2013 తర్వాత దశాబ్దం పైగా ఆ దారిలోనే గెలిచాం కూడా. కానీ ఆ గెలుపుల వెనక అశ్విన్, జడేజా జోడీ ఉంది. 537 వికెట్లతో అశ్విన్ 2024 డిసెంబర్‌లో తప్పుకున్నాడు. స్పిన్ ఆడుతూ పెరిగిన పుజారా లాంటి బ్యాటర్లూ లేరు. పందెం పాతదే, చేతిలో ముక్కలు మాత్రం మారిపోయాయి. మంచి పిచ్ మీద భారత్ గెలవలేదా అంటే, 2024లో విశాఖలో జైస్వాల్ 209 కొట్టాడు, బుమ్రా తొమ్మిది వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ ఓడింది. ఆ సిరీస్ 4-1తో మనదే. అయితే గువాహటి పిచ్ కూడా చెడ్డదేం కాదు. అక్కడ దక్షిణాఫ్రికా 489 కొట్టింది, మనం 201, 140. బాగా ఆడకపోతే మంచి పిచ్ కూడా కాపాడదు.

చెపాక్‌లో ఒక టెస్టు అనుకుందాం

ఆస్ట్రేలియాతో చెన్నైలో ఒక టెస్టు పడింది అనుకుని లెక్క చూద్దాం. ఇద్దరు ఓపెనర్లు, మూడు నుంచి ఐదు దాకా ముగ్గురు, వాళ్లలో ఒకరు కీపర్. జడేజాతో ఆరు. బుమ్రా, సిరాజ్, కుల్‌దీప్‌తో తొమ్మిది. మిగిలినవి రెండే చోట్లు. పిచ్ ఎర్రమట్టిదై మొదటి రెండు రోజులు బంతి లేస్తుందనుకుంటే ఒక చోటు మూడో పేసర్‌కు పోతుంది. 2024 సెప్టెంబర్‌లో బంగ్లాదేశ్ మీద ఇక్కడే ముగ్గురు పేసర్లు, ఇద్దరు స్పిన్నర్లతో ఆడి 280 పరుగులతో గెలిచారు. అశ్విన్ ఎనిమిదో నంబర్‌లో వచ్చి 113 కొట్టాడు కాబట్టి ఆ కూర్పు నిలబడింది. ఇప్పుడు ఆ పరుగులు ఎవరు చేస్తారన్నది తేలాలి, తేలకపోతే మూడో పేసర్ బదులు వాషింగ్టన్. నెమ్మది పిచ్ అయితే వాషింగ్టన్, అక్షర్ ఇద్దరూ. అప్పుడు ఆరో బ్యాటర్‌కు దారి లేదు, నితీశ్‌కూ లేదు. అంటే నిజంగా వాదించుకోవాల్సినవి ఈ రెండు చోట్లే, ఆ రెండూ మట్టి రంగును బట్టి మారతాయి.

దీనికి తోడు పాయింట్ల చిక్కు ఉంది. ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్‌లో గెలిస్తే 12, డ్రా అయితే 4, ఓడితే సున్నా. మూడు టెస్టులు జాగ్రత్తగా ఆడి మూడూ డ్రా చేస్తే 12 పాయింట్లు. మూడింటినీ టర్నర్ల మీద ఆడి ఒకటి గెలిచి రెండు ఓడినా అవే 12. సిరీస్ పోతుంది గానీ, పట్టికలో మాత్రం తేడా కనపడదు. ఛాంపియన్‌షిప్ లెక్కలో ఈ విడతకు భారత్‌కు సొంతగడ్డ మీద మిగిలింది ఆస్ట్రేలియాతో ఆ ఐదు టెస్టులే, మొత్తం 60 పాయింట్లు. ఫైనల్‌కు గెలుపులే కావాల్సి వస్తే డ్రాకు అవకాశమిచ్చే మంచి పిచ్ అడగడం కెప్టెన్‌కు కష్టమవుతుంది. నాలుగో స్పిన్నర్ పేరు మళ్లీ జాబితాలోకి వచ్చేది అప్పుడే.